కార్డు మీది వచనం నుండి అధ్యాయంలోకి: మెక్‌షేన్ బైబిలు పఠన పట్టికపై సమీక్ష

స్కాట్లండులోని డండీ పట్టణంలో సెయింట్ పీటర్స్ సంఘానికి కాపరిగా ఉన్న రాబర్ట్ మరే మెక్‌షేన్ 1842 చివర్లో, రాబోయే సంవత్సరంలో తన సంఘస్థులందరూ ఒకే క్రమంలో లేఖనాలు చదవాలన్న ఉద్దేశంతో ఒక పట్టిక తయారుచేశాడు. నూట ఎనభై యేళ్లు దాటినా ఆ పట్టిక ఇప్పటికీ వాడుకలో ఉంది. దానికి ధర లేదు; అంతర్జాలంలో ఉచితంగా దొరుకుతుంది, నాలుగు కాగితాల మీద అచ్చు తీసుకుంటే బైబిలు అట్ట లోపల మడిచి పెట్టుకోవచ్చు. రోజుకు నాలుగు వరుసలు, వరుసకు సుమారుగా ఒక అధ్యాయం చొప్పున చదివితే, ఏడాది తిరిగేసరికి పాత నిబంధన ఒకసారి, కొత్త నిబంధన, కీర్తనలు రెండేసి సార్లు పూర్తవుతాయి. బైబిలులో మొత్తం 1189 అధ్యాయాలుండగా ఈ లెక్కన ఏడాదిలో చదివేది 1599 అధ్యాయాలు. అందువల్ల చిన్న అధ్యాయాలు వచ్చినచోట రెండింటిని కలిపి ఒకే రోజుకు ఇచ్చారు, 119వ కీర్తన వంటి పెద్దదాన్ని కొన్ని రోజులకు పంచారు.

ఆదికాండంతో మొదలుపెట్టి ప్రకటనతో ముగించే మామూలు పద్ధతి ఇది కాదు. జనవరి 1న నాలుగు వరుసల్లో వచ్చేవి ఆదికాండం, మత్తయి, ఎజ్రా, అపొస్తలుల కార్యములు, నాలుగింటిలోనూ మొదటి అధ్యాయాలే. లోకం మొదలు, క్రీస్తు జననం, చెర నుండి తిరిగివచ్చిన ప్రజ కొత్త బ్రతుకు, సంఘం ఆరంభం ఒకే ఉదయాన కళ్లముందుకు వస్తాయి. డిసెంబరు 31న రెండవ దినవృత్తాంతములు 36, ప్రకటన 22, మలాకీ 4, యోహాను 21 అధ్యాయాలతో నాలుగు వరుసలూ ఒకేసారి ఆఖరుకు చేరతాయి. మొదటి రెండు వరుసలు కుటుంబ ప్రార్థనలో చదవడానికి, తక్కిన రెండు ఏకాంతంలో చదువుకోవడానికి ఉద్దేశించినవి.

తయారుచేసిన మనిషి మాత్రం ఆ ఏడాది పూర్తికావడం చూడలేదు. సంఘం ఆ పట్టిక ప్రకారం చదవడం మొదలుపెట్టి మూడు నెలలైనా నిండకముందే, 1843 మార్చి 25న, టైఫస్ జ్వరంతో 29వ యేట మెక్‌షేన్ కన్నుమూశాడు. మన వైపు చరిత్ర తెలిసినవారికి మరొక సంగతి కూడా తట్టక మానదు: ఆ పట్టిక రూపుదిద్దుకున్న 1842లోనే, జూలై 31న, లూథరన్ మిషనరీ జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హేయర్ అమెరికా నుండి వచ్చి గుంటూరులో అడుగుపెట్టాడు. ఈ ఇద్దరికీ సంబంధమేమీ లేదు. అయినా ఈ సమీక్షలో నేను పట్టిచూస్తున్న విషయం, అంటే విశ్వాసంలో ఎదగడానికి అలవాటైనదాన్ని వదలడం, హేయర్ జీవితంలో ఊరుకు ఊరుగా, సముద్రానికి సముద్రంగా కనిపిస్తుంది. మనలో ఎక్కువమందికి అంత పెద్ద ప్రయాణం రాసిపెట్టి ఉండదు కాబట్టి, రోజూ తెరిచే పుస్తకంలోనే ఏది వదలగలం, ఎక్కడికి వెళ్లగలం అన్న ప్రశ్నకు ఈ కాగితం ఎంతవరకు పనికివస్తుందో చూద్దాం.

మన అలవాటును ముందు చెప్పుకోవాలి. డిసెంబరు 31 రాత్రి వాచ్ నైట్ ఆరాధనలో పళ్లెంలో పెట్టి పంచే వాగ్దాన కార్డు తెలుగు క్రైస్తవుల ఇళ్లలో ఏడాది పొడవునా అద్దం పక్కన, బీరువా తలుపు మీద, బండి ముందర ఉంటుంది. ఆ కార్డు మీది వచనానికి తోడు గోడ క్యాలెండరు మీది వచనం, తెల్లవారకముందే వాట్సాప్‌లో వచ్చే వచనం ఉంటాయి. ఇక సొంతంగా బైబిలు తెరిస్తే 23, 91, 121 కీర్తనలు, యోహాను సువార్తలో కొన్ని పుటలు, ఫిలిప్పీయులకు రాసిన పత్రిక నాలుగో అధ్యాయం. ఆ పుటలు వేలి మరకలతో నలిగి ఉంటాయి, నహూము, జెఫన్యా ఉన్న పుటలు మాత్రం కొన్ననాటి మెరుపుతో ఒకదానికొకటి అంటుకునే ఉంటాయి. వాగ్దాన కార్డును తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ఆసుపత్రి మంచం మీద దిండు కింద ఆ కార్డు పెట్టుకుని ధైర్యం తెచ్చుకున్నవారిని చూసినవాళ్లెవరూ దాన్ని తేలిగ్గా మాట్లాడరు. అయితే తనకు కావలసిన మాటను తానే ఎంచుకుని దాన్నే పదేపదే వినే మనిషికి, తాను అడగని మాట వినే అవకాశం రాదు. పట్టిక వల్ల కలిగే మేళ్లను చెబుతూ మెక్‌షేన్, ఏ భాగం చదవాలో ఎంచుకోవడంలో సమయం వృథా కాదని రాశాడు. ఆయన దృష్టి సమయం మీద ఉంది గాని, నాకు దీనిలో అసలు విలువ వేరుగా కనిపిస్తుంది: ఎంపిక మన చేతిలోనుండి పోతుంది.

ఆ పోవడం ఎంత త్వరగా తెలుస్తుందంటే, జనవరి 2నే ఎజ్రా రెండో అధ్యాయం వస్తుంది. బబులోను నుండి తిరిగివచ్చిన వంశాల పేర్లు, వాటి పక్కన జనసంఖ్య, యాజకులు, గాయకులు, ద్వారపాలకులు, చివరకు గుర్రాలు, కంచరగాడిదలు, ఒంటెలు, గాడిదల లెక్క. కొత్త సంవత్సరం ఉత్సాహంలో ఉన్న పాఠకుడికి రెండో రోజునే జనాభా లెక్కల కాగితం చేతిలో పెట్టినట్లయి, మానేయాలనిపించడం సహజం. మానకుండా మర్నాటికి వెళితే మూడో అధ్యాయం ఉంది: కొత్త మందిరానికి పునాది వేసినప్పుడు, పాత మందిరాన్ని కళ్లారా చూసిన పెద్దలు బిగ్గరగా ఏడ్చారు, తక్కినవారు సంతోషంతో కేకలు వేశారు, ఏది ఏడుపో ఏది సంతోషమో వేరుచేయలేనంతగా ఆ ధ్వని కలిసిపోయింది. పాత పెంకుల చర్చిని పడగొట్టి స్లాబు కట్టిన ప్రతి ఊళ్లోనూ ఈ రెండు ధ్వనులూ వినబడే ఉంటాయి. మాకు ఈ భాగం చదివిన సాయంత్రం, మా అత్తయ్య తన చిన్ననాటి చర్చిలోని చెక్క బల్లల గురించి, ఆ గంట గురించి చాలాసేపు చెప్పారు. కొత్త కట్టడం బాగుందని ఒప్పుకుంటూనే చెప్పారు. ఆ పెద్దల ఏడుపును లేఖనం తప్పుపట్టలేదన్నది ఆవిడే గమనించి చెప్పిన మాట.

జనవరి 10, 11 తేదీలను ఈ పట్టికకు నమూనాగా తీసుకోవచ్చు. పదో తేదీన ఎజ్రా 10లో అన్యజనుల స్త్రీలను పెళ్లాడినవారు వారిని పంపివేయడానికి ఒప్పుకుంటారు; అదే రోజు అపొస్తలుల కార్యములు 10లో పేతురు, తాను అపవిత్రమనుకున్నదాన్ని దేవుడు పవిత్రం చేశాడని యొప్పేలో దర్శనం చూసి, రోమా శతాధిపతి కొర్నేలీ ఇంటి గడప దాటుతాడు. ఒకచోట గీత గీయడం, మరొకచోట గీత చెరపడం. వీటికి ఎలా పొంతన కుదర్చాలో పట్టిక చెప్పదు. మత్తయి 10లో తండ్రినైనా తల్లినైనా తనకంటె ఎక్కువగా ప్రేమించేవాడు తనకు పాత్రుడు కాడన్న ప్రభువు మాటను కూడా అదే రోజు ముందుంచి ఊరుకుంటుంది. క్యాలెండరు వచనాలతో పెరిగిన విశ్వాసానికి ఇలాంటి రోజు కొరుకుడుపడదు. కొరుకుడుపడనిదాన్ని పాస్టరుగారి దగ్గరకు తీసుకెళ్లి అడగడం, రెండు మూడు రోజులు మనసులో పెట్టుకుని తిరగడం చాలామందికి కొత్త అనుభవమే అవుతుంది.

మర్నాడు ఆదికాండం 12. కొత్త సంవత్సరపు కార్డుల మీద తరచూ కనిపించే మాట దీనిలోనే ఉంది: నిన్ను ఆశీర్వదించి నీ నామమును గొప్ప చేయుదును అన్న రెండో వచనం. కార్డు మీద అచ్చుకాని మొదటి వచనంలో దేశాన్ని, బంధువులను, తండ్రి ఇంటిని విడిచి బయలుదేరమన్న ఆజ్ఞ ఉంది. అంతకుముందు రోజు పదకొండో అధ్యాయం చివర్లో, తెరహు కనానుకు పోవాలనే కల్దీయుల ఊరు విడిచి, హారాను వరకు వచ్చి అక్కడే స్థిరపడిపోయిన సంగతి చదివి ఉంటాం కాబట్టి, సగం దారిలో ఆగడం కూడా ఒక అలవాటేనని తెలుస్తుంది. అబ్రాము బయలుదేరి కనాను చేరగానే కథ సుఖాంతం కాదు. కరవు వస్తుంది, ఐగుప్తుకు దిగుతాడు, ప్రాణభయంతో భార్యను చెల్లెలని చెప్పిస్తాడు. ఇదంతా అదే అధ్యాయంలో ఉంది. తెలిసినదాన్ని విడిచినవాడు వెంటనే ధీరుడైపోడని చెప్పడానికి ఇంతకంటె నిజాయితీగల పుట దొరకదు, కాని రెండో వచనం దగ్గర ఆగేవారికి ఆ పుట కనబడదు. అదే రోజు నెహెమ్యా 1లో షూషను కోటలో రాజుకు పానపాత్ర అందించే ఉద్యోగంలో ఉన్నవాడు యెరూషలేము ప్రాకారం కూలిన వార్త విని కూర్చుని ఏడుస్తాడు. అపొస్తలుల కార్యములు 11లో పేతురు అన్యుల ఇంట భోంచేసినందుకు సొంతవాళ్లకే సంజాయిషీ చెప్పుకుంటాడు. మత్తయి 11లో చెరసాలలో ఉన్న బాప్తిస్మమిచ్చు యోహాను, రాబోవువాడవు నీవేనా అని యేసును అడిగిస్తాడు. నాలుగూ కలిసి ఒకే ప్రసంగంలా అమరిన రోజు ఇది.

అన్ని రోజులూ ఇలా అమరవు, అమరాలని చూడకూడదు కూడా. నాలుగు పుస్తకాలు వాటి వాటి వరుసలో నడుస్తూ యాదృచ్ఛికంగా పక్కపక్కన పడతాయే గాని, ప్రతి దినం ఒక అంశం చుట్టూ కూర్చింది కాదు. లేని సంబంధాలను లాగి చూపించాలన్న ఉత్సాహం, ముఖ్యంగా ప్రసంగాలు చేసేవారికి, ఈ పట్టిక వల్ల పెరిగే ప్రమాదం ఉంది.

ఫిబ్రవరి నెల దాదాపుగా యోబుది. నిజం చెప్పాలంటే ఈ పట్టిక నాకు చేసిన మేలంతా ఒక్క నెలలో చూపమంటే ఈ నెలనే చూపుతాను. నీ స్థితి మొదట కొద్దిగా ఉన్నా తుదకు నీవు మహాభివృద్ధి పొందుదువు అన్న వచనం చదవని తెలుగు క్రైస్తవుడు ఉండడు. కిరాణా దుకాణంలో గల్లాపెట్టె పైన, కొత్త ఇంటి గుమ్మం మీద, ఆటో వెనుక అద్దం మీద అది కనిపిస్తూనే ఉంటుంది. అది యోబు 8వ అధ్యాయం ఏడో వచనం. ఆ మాట అన్నది దేవుడు కాదు, ప్రవక్త కాదు, యోబు స్నేహితుడు బిల్దదు. అదే ప్రసంగంలో, మూడు వచనాల ముందు, పదిమంది పిల్లలను పోగొట్టుకున్న తండ్రి ఎదుట కూర్చుని, నీ కుమారులు పాపం చేసి దాని ఫలం అనుభవించారేమోనన్న అర్థం వచ్చేలా మాట్లాడినవాడు అతడే. పుస్తకం చివర 42వ అధ్యాయంలో దేవుడు ఎలీఫజుతో, నీవూ నీ ఇద్దరు స్నేహితులూ నన్ను గూర్చి యుక్తమైనది పలకలేదని కోపగించుకుంటాడు. యోబు బ్రతుకు చివరకు అభివృద్ధి చెందిన మాట నిజమే గనుక ఆ వచనం అబద్ధమని నేననడం లేదు. అయితే ఆ వాగ్దానానికి షరతు ఉంది, ఆ షరతులో నిందించడం ఉంది, ఆ నింద తప్పని దేవుడే తేల్చాడు. ఇంత కథ ఆ స్టిక్కరు వెనుక ఉందని, రోజుకొక అధ్యాయం చొప్పున ముప్పై రోజులకు పైగా ఆ స్నేహితుల మాటలు ఓపికగా వింటే తప్ప తెలియదు.

ఆ మాటలు వింటున్నకొద్దీ మరొక ఇబ్బంది మొదలవుతుంది. మన ఆదరణ కూడికల్లో, చనిపోయినవారి కుటుంబాన్ని ముందు వరుసలో కూర్చోబెట్టి చెప్పే మాటలు చాలావరకు ఎలీఫజు, బిల్దదు, జోఫరు చెప్పినవే. దేవుడు ఊరకే శిక్షించడు, మనల్ని మనం పరీక్షించుకోవాలి, సరిచేసుకుంటే మళ్లీ మంచిరోజులు వస్తాయి. ఈ ముగ్గురూ అబద్ధికులు కారు, భక్తిపరులే. యోబు బాధ చూసి ఏడు రోజులు నోరెత్తకుండా నేలమీద కూర్చున్నవారు. వాళ్ల తప్పంతా నోరు తెరిచాకే మొదలైంది. అలవాటుగా నోటికి వచ్చే ఓదార్పు మాటలను వదిలిపెట్టడం, అలవాటైన కీర్తనలను వదిలిపెట్టడం కంటె కష్టమైన పని, ఆ పనికి పురికొల్పే అధ్యాయాలు ఎవరూ ఎంచుకుని చదవరు.

మార్చి చివరికి లేవీయకాండం వస్తుంది. ఏడాది పఠనం మొదలుపెట్టినవారిలో చాలామంది జారుకునేది ఇక్కడేనని అందరికీ తెలిసిందే. లేవీయకాండం మాత్రమే చదివే పద్ధతుల్లో ఊపిరాడదు. ఈ పట్టికలో దాని పక్కనే కీర్తనలు, సామెతలు, పౌలు పత్రికలు ఉంటాయి గనుక బలుల వివరాల తరువాత కాస్త గాలి తగులుతుంది. ఏప్రిల్ నడిమి రోజుల్లో, మనందరికీ కంఠస్థమైన 23వ కీర్తన వచ్చే వేళకే లేవీయకాండం 19వ అధ్యాయమూ వస్తుంది. పొలం కోసేటప్పుడు అంచులు పూర్తిగా కోయవద్దు, పరిగె ఏరుకోవద్దు, అవి బీదలకు, పరదేశులకు వదలాలి. కూలివాడి కూలి మర్నాటి ఉదయం వరకు నీ దగ్గర ఉంచుకోకూడదు. నిన్నువలె నీ పొరుగువానిని ప్రేమించాలి. పచ్చికగల చోట్ల నన్ను పరుండజేస్తాడని పాడుకునే నోటితో ఈ అధ్యాయాన్ని కూడా అదే వారంలో చదివినప్పుడు, నా కాపరి నాకు చేసేదాని పక్కన, నా చేను అంచున నిలబడ్డవారికి నేనేం చేయాలన్నది చేరుతుంది. యంత్రంతో కోతలు కోయిస్తున్న ఈ రోజుల్లో పరిగె ఏరుకునేవారు తగ్గిపోయినా, కూలి డబ్బులు రేపిస్తానని తిప్పడం ఎక్కడికీ పోలేదు.

సంఖ్యాకాండం ఏడో అధ్యాయం గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. పన్నెండు గోత్రాల ప్రధానులు పన్నెండు రోజులు తెచ్చిన అర్పణలు అచ్చంగా ఒకటే: అదే వెండి గిన్నె, అదే తూకం, అవే కోడెలు, పొట్టేళ్లు, గొఱ్ఱెపిల్లలు. అయినా ఒక్కొక్కరి పేరు చెప్పి, మొత్తం జాబితాను పన్నెండుసార్లు రాశారు; 89 వచనాలు. కుటుంబ ప్రార్థనలో మా అబ్బాయి ఇది చదువుతూ నాలుగో ప్రధాని దగ్గరకు వచ్చేసరికి, మిగతావి కూడా ఇవే కదా నాయనమ్మా, వదిలేయనా అని అడిగాడు. పెళ్లిలో చదివింపులు చదివేటప్పుడు అందరూ నూటపదహార్లే ఇచ్చారని నీ పేరొక్కటి వదిలేస్తే ఊరుకుంటావురా అని మా అత్తయ్య అన్నారు. వాడు పన్నెండూ చదివాడు. ఎనభై తొమ్మిది వచనాలకు నాకు తెలిసిన వ్యాఖ్యానాల్లో ఇదే చిన్నది, ఇదే చక్కనిది.

కీర్తనలు రెండుసార్లు రావడం వల్ల 88వ కీర్తన కూడా రెండుసార్లు వస్తుంది. చివర్లో ఆశాకిరణం లేకుండా చీకటితోనే ముగిసే ప్రార్థన అది. 91వ కీర్తనకు మనం ఇచ్చే చోటు దీనికి ఎక్కడా ఇవ్వం, అయినా రెండూ ఒకే పుస్తకంలో మూడు అధ్యాయాల దూరంలో ఉన్నాయి.

జూలై దాటి ఆగస్టు మొదలయ్యే వేళకు యిర్మీయా 28, 29 అధ్యాయాలు వస్తాయి. మీకు నిరీక్షణ కలిగేలా సమాధానకరమైన ఉద్దేశాలు నాకున్నవని దేవుడు చెప్పే 29వ అధ్యాయం పదకొండో వచనం పెళ్లి పత్రికల మీద, పరీక్ష ఫలితాల శుభాకాంక్షల్లో విరివిగా వాడతాం. వరుసగా చదివినప్పుడు ముందు హనన్యా కనిపిస్తాడు. బబులోను కాడి రెండేళ్లలో విరిగిపోతుందని, మందిరపు ఉపకరణాలు తిరిగివస్తాయని, చెరపోయినవారు ఇంటికి చేరతారని అతడు మందిరంలో అందరి ఎదుట ప్రవచిస్తాడు. విన్నవారికి ఎంత ఇంపుగా ఉండి ఉంటుందో ఊహించవచ్చు. అది అబద్ధమని తేలుతుంది. తరువాత యిర్మీయా చెరలో ఉన్నవారికి ఉత్తరం రాస్తాడు: అక్కడే ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, పిల్లలకు పెళ్లిళ్లు చేయండి, మిమ్మల్ని చెరకు పంపిన ఆ పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి, డెబ్బై సంవత్సరాలు నిండాక మిమ్మల్ని దర్శిస్తాను. పదకొండో వచనం ఆ ఉత్తరంలోనిది. ఆ ఉత్తరం అందుకున్న పెద్దలలో చాలామంది తిరుగు ప్రయాణం చూసి ఉండరు. ఆ వాగ్దానం వాళ్ల మనవల దగ్గర నెరవేరవలసినది. ఇంత తెలిశాక ఆ వచనం మీద నాకు గౌరవం పెరిగిందే గాని తరగలేదు. అయితే పదో తరగతి ఫలితాలు వచ్చిన రోజున దాన్ని వాడడానికి కొంచెం తటపటాయిస్తాను.

ఇక లోపాలు. మొదటిది బరువు. నాలుగు అధ్యాయాలు మనసు పెట్టి చదవడానికి అరగంట పడుతుంది, పైకి చదివితే ఇంకా ఎక్కువ. తెల్లవారుజామున పాలు, టిఫిను, బడి బస్సు చూసుకునే ఇల్లాలికి, రాత్రి డ్యూటీ చేసి వచ్చేవారికి అది చిన్న సమయం కాదు. వారంలో సెలవు రోజంటూ లేదు. మూడు రోజులు జ్వరం వస్తే పన్నెండు అధ్యాయాల బాకీ, పండుగకు ఊరెళితే ఇరవై. బాకీ తీర్చడానికి పరుగెత్తి చదివినప్పుడు కన్ను కదులుతుంది, మనసు కదలదు. రెండవది, నాలుగు వేర్వేరు పుస్తకాల్లో ఒకేరోజు తిరగడం వల్ల ఏ ఒక్కదానిలోనూ నిలవలేకపోవడం. రోమీయులకు రాసిన పత్రిక వంటి గట్టి వాదం ఉన్న పుస్తకాన్ని రోజుకో అధ్యాయం చొప్పున, మధ్యలో మూడు ఇతర కథలతో కలిపి చదివితే వాదం తెగిపోతుంది. మూడవది, పట్టికలో వివరణ ఒక్క ముక్క ఉండదు. యెహెజ్కేలు చివరి తొమ్మిది అధ్యాయాల్లోని మందిరం కొలతలు చదివేవారికి చేయి పట్టుకునేవారు కావాలి.

నాలుగవ లోపాన్ని తయారుచేసినవాడే ముందుగా గుర్తించాడు. పట్టికతో పాటు ఇచ్చిన మాటల్లో మెక్‌షేన్ దాని లాభాలకంటె ముందు ప్రమాదాలను రాశాడు: చదవడం ఆచారంగా మారిపోవడం, చదివానన్న తృప్తితో స్వనీతి పెరగడం, అజాగ్రత్తగా చదవడం, మోయలేని కాడి అయిపోవడం. తాను ఇస్తున్న వస్తువు ఎలా చెడిపోతుందో ముందే చెప్పేవాళ్లు అరుదు. టిక్కు పెట్టడంలో ఉన్న ఆనందం చిన్నదేమీ కాదు. వాగ్దాన కార్డు స్థానంలో టిక్కుల కాగితం వస్తే, పాత అలవాటు పోయి కొత్త అలవాటు వచ్చిందే తప్ప మరేమీ జరగలేదు. ఏడాదిలో బైబిలు పూర్తిచేశామని సాక్ష్యంలో చెప్పుకోవడానికి ఈ పట్టిక ఎంతో అనువుగా ఉంటుందన్నది దీని మీద నాకున్న పెద్ద అనుమానం.

వాడుక విషయానికి వస్తే, ఆంగ్లంలో దొరికే పట్టికను తెలుగు పుస్తకాల పేర్లతో ఒకసారి చేత్తో రాసుకోవడం మంచిదని నా అభిప్రాయం. పొట్టిపేర్లతో రాసుకుంటే నెలకు ఒక పుట చాలు. ఇంట్లో ఉన్న పాత అనువాదంతోనే చదవవచ్చు, అయితే ప్రవక్తల గ్రంథాల దగ్గర వాడుక భాషలోని అనువాదం ఒకటి పక్కన ఉంటే పని తేలికవుతుంది. అమెరికాలోని ఓక్లహోమా రాష్ట్రంలోని లైఫ్ చర్చి 2008లో విడుదల చేసిన యూవర్షన్ బైబిలు యాప్‌లో ఒకటికి మించిన తెలుగు అనువాదాలు ఉచితంగా ఉన్నాయి, ఫోనులో అక్షరం పెద్దది చేసుకోవచ్చు కాబట్టి చూపు తగ్గిన పెద్దలకు అచ్చు పుస్తకం కంటె అదే సుఖం. పట్టికను మాత్రం ఫోనులో కాకుండా కాగితం మీదే ఉంచుకోమంటాను. ఫోను తెరిచిన చేయి అధ్యాయం దాకా చేరేలోపు వాట్సాప్ దగ్గర ఆగుతుంది.

కుటుంబ ప్రార్థనకు ఉద్దేశించిన వరుసల గురించి మెక్‌షేన్ ఇచ్చిన సలహా నాకు బాగా నచ్చింది. ఇంటి పెద్ద ఆ అధ్యాయాన్ని ముందుగా చదివి, రెండు మూడు వచనాలు గుర్తుపెట్టుకుని, వాటి మీద పిల్లలను చిన్న ప్రశ్నలు అడగాలంటాడు. మన ఇళ్లలో సాయంత్రం ప్రార్థన అంటే ఒక పాట, ఒక కీర్తన, నాన్నగారి పొడవైన ప్రార్థన, ఆమేన్ అనడానికి లేచి కూర్చునే పిల్లలు. ప్రశ్న అడిగితే జవాబుతో పాటు ఎదురు ప్రశ్న కూడా వస్తుంది. కయీనుకు భార్య ఎక్కడి నుండి వచ్చిందన్న ప్రశ్న జనవరి మొదటి వారంలోనే ఎదుర్కోవలసి ఉంటుందని తల్లిదండ్రులకు ముందుగా మనవి.

ఎవరికి పనికివస్తుందంటే, చిన్నప్పటి నుండి ఆదివారపు బడిలో పెరిగి, ప్రసిద్ధమైన వచనాలన్నీ నోటికి వచ్చి, ఇక బైబిలులో తెలియనిదేమీ లేదని లోలోపల అనుకునేవారికి దీనికంటె మంచి మందు నాకు తెలియదు. కొత్తగా విశ్వాసంలోకి వచ్చినవారికి దీన్ని చేతిలో పెట్టవద్దు. వారు మార్కు సువార్త, తరువాత ఆదికాండం, తరువాత అపొస్తలుల కార్యములు నిదానంగా చదువుకోవడం మేలు. రోజుకు మూడు అధ్యాయాలకు పైన చొప్పున వరుసగా ఆదికాండం నుండి ప్రకటన వరకు వెళ్లే పద్ధతితో పోలిస్తే ఇది ఎక్కువ చదివిస్తుంది, తక్కువ విసిగిస్తుంది. దుఃఖంలో ఉన్నవారు దీన్ని కొన్నాళ్లు పక్కన పెట్టి తమ 23వ కీర్తన దగ్గరే ఉండటంలో తప్పేమీ లేదు.

నాలుగు వరుసలు బరువనుకున్నవారు ఒక ఏడాది మొదటి రెండు, మరుసటి ఏడాది తక్కిన రెండు తీసుకోవచ్చు. మొదటి రెండింటిలో ఆదికాండం నుండి దినవృత్తాంతముల వరకు, చివరి రెండింటిలో ఎజ్రా నుండి మలాకీ వరకు పాత నిబంధన వస్తుంది, కొత్త నిబంధన, కీర్తనలు మాత్రం ఏ జంట తీసుకున్నా ఆ ఏడాదిలో ఒకసారి పూర్తవుతాయి. మా ఇంట్లో ఇప్పుడు నడుస్తున్నది ఈ పద్ధతే. తప్పిపోయిన రోజులకు బాకీ లెక్క ఉంచుకోకుండా, ఆ రోజు తేదీ దగ్గరే మళ్లీ మొదలుపెట్టడం నేను పెట్టుకున్న ఒకే ఒక్క నియమం. జనవరి వరకు ఆగనక్కరలేదు. పట్టికలో ఈరోజు తేదీ ఎదురుగా ఏ అధ్యాయాలున్నాయో చూసి, వాటితోనే మొదలుపెట్టవచ్చు.